సినిమాల్లో లైంగిక హింస దృశ్యాలు హద్దు దాటుతున్నాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు పట్టణాల్లో సినిమా చూసి ఆ తరువాత కూర్చుని మాట్లాడుకునే మా సమావేశాల్లో అత్యాచార దృశ్యాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా అవే సందేహాలు, దాదాపు అవే మాటల్లో వినిపిస్తున్నాయి. తల్లులు అడిగేవి, కాలేజీ విద్యార్థులు అడిగేవి, షార్ట్ ఫిల్ములు తీసే కుర్రవాళ్లు అడిగేవి ఇక్కడ ఒకచోట చేర్చాము. ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఉంచాము. ప్రతి ప్రశ్నకూ జవాబు దాని కిందే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన చోట చదువుకోవచ్చు.

## సినిమాకు వెళ్లే ముందు

ఈ సినిమాలో అలాంటి సీన్లు ఉన్నాయో లేదో ముందే ఎలా తెలుస్తుంది?

మొదట సెన్సార్ బోర్డు ఇచ్చిన సర్టిఫికెట్ చూడండి. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణ తరువాత, పెద్దల మార్గదర్శకత్వంలో పిల్లలు చూడవచ్చనే యూ/ఏ తరగతిని 7+, 13+, 16+ అని మూడుగా విడదీశారు. ఇవి తల్లిదండ్రులకు ఇచ్చే సూచనలు మాత్రమే. ‘ఏ’ సర్టిఫికెట్ మాత్రం సూచన కాదు, 18 ఏళ్లు నిండనివారు చూడకూడదన్న కట్టుబాటు. అయితే ఈ అక్షరాలు వయసును చెబుతాయే తప్ప లోపల ఏముందో చెప్పవు. నరుకుళ్లకు ‘ఏ’ వచ్చిందా, అత్యాచార దృశ్యానికి వచ్చిందా అనేది పోస్టరు మీద కనబడదు. ఓటీటీలో కొంత మెరుగు: 2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం వయసు వర్గంతో పాటు హింస, లైంగిక హింస వంటివి ఉన్నాయని సినిమా మొదట్లోనే తెలియజేయాలి. థియేటర్ సినిమాకైతే ముందుగా చూసి వచ్చినవారిని నేరుగా అడగడమే నమ్మదగిన దారి. “బాగుందా?” అని కాకుండా “ఆడపిల్ల మీద దాడి సీను ఉందా, ఎంతసేపు ఉంది?” అని అడిగితే మీకు కావలసిన జవాబు దొరుకుతుంది.

‘ఏ’ సినిమాకు పిల్లల్ని తీసుకెళ్తే ఏమవుతుంది? మా ఊళ్లో ఎవరూ ఆపరు.

ఆపవలసిన బాధ్యత చట్టప్రకారం థియేటర్ వారిది. మైనర్లకు ‘ఏ’ సినిమా చూపించడం సినిమాటోగ్రాఫ్ చట్టం కింద శిక్షించదగిన నేరం. గేటు దగ్గర ఎవరూ అడగలేదని లోపలికి వెళ్లిన పిల్లవాడికి మాత్రం ఆ తరువాత జరిగేదంతా అర్థం కాని భయంగా మిగులుతుంది. ఏడెనిమిదేళ్ల పిల్లలకు అత్యాచారమంటే ఏమిటో తెలియదు కానీ, ఒక స్త్రీ కేకలు వేస్తుంటే చుట్టూ ఉన్న పెద్దలు కదలకుండా కూర్చుని చూశారన్నది మాత్రం తెలుస్తుంది. ఇంట్లో చూసుకునేవారు లేరన్న ఇబ్బంది నిజమే. అయినా ఆ ఒక్క ఆట మానుకోవడమే మంచిదని మా అభిప్రాయం.

సెన్సార్ వాళ్లు చూసి వదిలారు కదా, ఇక అభ్యంతరం ఏముంది?

సినిమాలను ముందుగా పరిశీలించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 1970లో కె.ఎ. అబ్బాస్ కేసులో తీర్పు చెప్పింది. ఆ పరిశీలనకు ఆధారంగా కేంద్ర ప్రభుత్వం 1991 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ విషయం మీద ప్రత్యేకమైన అంశం ఉంది. స్త్రీలపై లైంగిక హింస దృశ్యాలను మానుకోవాలని, కథకు అవి తప్పనిసరి అయితే కనీస స్థాయికి తగ్గించాలని, వివరాలు చూపకూడదని అందులో ఉంది. అంటే ఈ పేజీలో మేము చెబుతున్నది కొత్త కోరిక కాదు, ముప్ఫై ఏళ్లకు పైగా కాగితం మీద ఉన్న మాటే. “కథకు తప్పనిసరి” అనే మాటను ఎవరు ఎలా అర్థం చేసుకుంటారన్న దగ్గర చిక్కు వస్తోంది. పగ తీర్చుకునే కథ రాసి, ఆ పగకు కారణంగా అత్యాచారాన్ని పెడితే అది కథకు తప్పనిసరి అనే చెబుతారు. బోర్డు సభ్యుల్లో కనీసం మూడో వంతు, వీలైతే సగం మంది మహిళలు ఉండాలని 2024 నిబంధనల్లో రాశారు. దానివల్ల చూసే కళ్లు మారవచ్చు. అయినా సర్టిఫికెట్ అంటే ఈ సినిమాను ప్రదర్శించవచ్చు అనే అనుమతి మాత్రమే. ఆ దృశ్యాన్ని అలా తీయడం సబబా అని అడిగే హక్కు టికెట్ కొన్నవారికి ఎప్పుడూ ఉంటుంది.

నాకు అలాంటి సీన్లు చూడటం చాలా కష్టం. రానంటే స్నేహితులు పిరికిదాన్ని అంటున్నారు.

వెళ్లవద్దు. కారణం చెప్పవలసిన అవసరం కూడా లేదు. ఇతరుల బాధను చూసి తట్టుకోలేకపోవడం లోపం కాదు.

## తెర ముందు కూర్చున్నప్పుడు

సమాజంలో జరిగేదే కదా చూపిస్తున్నారు, చూపిస్తే తప్పేంటి?

జరిగేదే చూపిస్తున్నారా అన్నది ముందు తేల్చుకోవాలి. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ప్రకటించే లెక్కల్లో, అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే: బంధువు, ఇరుగుపొరుగు, స్నేహితుడు, పెళ్లి చేసుకుంటానని నమ్మించినవాడు, పనిచేసే చోట పైవాడు. మన తెర మీద మాత్రం ఎక్కువగా చీకట్లో జీపు దిగే అపరిచితుడే కనిపిస్తాడు. కేకలు, పెనుగులాట, చిరిగిన బట్టలు ఉంటేనే అత్యాచారమన్న అభిప్రాయాన్ని ఈ దృశ్యాలు స్థిరపరుస్తాయి. భయంతో నోరు పెగలక, కదలలేక ఉండిపోయిన అమ్మాయి రేపు పోలీస్ స్టేషన్‌కు వెళితే, “మరి ఎందుకు అరవలేదు?” అని అడిగేవారికి ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించండి.

వాస్తవమే చూపాలన్న పట్టుదల ఉన్నవారు ఆ తరువాత జరిగేదాన్ని ఎందుకు వదిలేస్తున్నారన్నది మా రెండో ప్రశ్న. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు నమోదు చేయించుకునే (జీరో ఎఫ్‌ఐఆర్) హక్కు, ఆసుపత్రిలో పరీక్ష, మూసిన తలుపుల వెనుక జరగవలసిన విచారణ, బాధితురాలి గత జీవితం గురించి అడగకూడదన్న సాక్ష్య నియమం, వాయిదా మీద వాయిదా వేస్తూ కోర్టు చుట్టూ తిరిగే ఏళ్లు, ఇంట్లో మాటలు పడిపోవడం, చెల్లెలి పెళ్లి సంబంధం తప్పిపోవడం వంటివన్నీ వాస్తవమే. అయిదు నిమిషాల దాడిని వివరంగా తీసి, అయిదేళ్ల ఈ బతుకును ఒక్క పాటలో దాటించే సినిమా వాస్తవం పేరుతో తనకు నచ్చిన ముక్కను మాత్రమే ఏరుకున్నదని చెప్పక తప్పదు.

హద్దు దాటింది అని ఎలా చెప్పగలం? ఒక్కొక్కరికీ ఒక్కోలా అనిపిస్తుంది కదా.

అందరికీ ఒకేలా అనిపించదు, నిజమే. అందుకే నిమిషాలు లెక్కపెట్టడం, ఎంత ఒళ్లు కనబడింది అని కొలవడం మా చర్చల్లో ఎప్పుడూ ఎటూ తేలలేదు. దానికి బదులు ఆ దృశ్యం ఎవరి వైపు నిలబడి తీశారన్నది చూడమని అడుగుతాము. కెమెరా దాడి చేసేవాడి భుజం మీదుగా, వాడి కళ్లతో ఆమె ఒంటిని చూస్తున్నదా? లేక ఆమెకు కనిపించేది, అంటే తలుపు గొళ్లెం, పైకప్పు, వాడి ముఖం, చూపిస్తున్నదా? వెలుగు, తడి, చిరిగిన చీర అంచు, ఇవన్నీ పాటల చిత్రీకరణలో అందం కోసం వాడే పద్ధతిలోనే పేర్చారా? నేపథ్య సంగీతం భయపెడుతున్నదా, ఊపునిస్తున్నదా? దృశ్యం అయిపోయాక ఆమె కథలో ఉన్నదా, లేక ఆమె శవం మీదుగా కథ హీరో చేతికి వెళ్లిపోయిందా?

ఈ చివరి ప్రశ్నకు మేము అన్నింటికన్నా ఎక్కువ విలువ ఇస్తాము. ఒక మనిషి మీద జరిగిన దారుణాన్ని మరొకరి వీరత్వానికి కారణంగా మాత్రమే వాడుకున్నప్పుడు, ఎంత తక్కువ చూపించినా ఆ సినిమా హద్దు దాటినట్టే. ఆమె కోపం, ఆమె నిర్ణయం, ఆమె తరువాతి జీవితం కథలో నిలిచి ఉన్నప్పుడు, చూడటానికి కష్టమైన దృశ్యాన్ని కూడా మనం ఓర్చుకోగలం. ఈ కొలతతో చూస్తే, మా సమావేశాల్లో వయసు, ఆడామగా తేడా లేకుండా చాలామంది దాదాపు ఒకే చోటికి వస్తున్నారు.

అసలు చూపించకపోతే ఆ బాధ జనానికి తెలిసేదెలా?

బాధ తెలియడానికి గాయం దగ్గరగా కనబడాలన్న నమ్మకం సినిమాలో ఈ మధ్య బాగా బలపడింది. మన సాహిత్యం ఆ నమ్మకం మీద నడవలేదు. పదమూడో శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి దగ్గర మంత్రిగా ఉన్న తిక్కన తన భారతాన్ని విరాటపర్వంతో మొదలుపెట్టాడు. అందులో కీచకుడు సైరంధ్రిని వెంటాడి, నిండు సభలో జుట్టు పట్టి తన్నిన ఘట్టం ఉంది. ఆ ఘట్టంలో గుర్తుండిపోయేవి ద్రౌపది సభను నిలదీసిన మాటలు, చూస్తూ ఊరుకున్న రాజు, మారువేషంలో పళ్లు బిగబట్టి కూర్చున్న భర్త, ఆ రాత్రి వంటశాలలో భీముడిని లేపి ఆమె చెప్పుకున్న దుఃఖం. ఏడు వందల ఏళ్లు దాటినా ఆమె కోపం మనకు అందుతూనే ఉంది.

ఈ నేలమీదే మరో ఉదాహరణ ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమపు వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. తాగుబోతు భర్త చేతిలో ఒక ఇల్లాలి బతుకు ఎలా చితికిందో చెప్పే మామూలు పాఠం అది. రాత్రి బడుల్లో దాన్ని చదివిన ఆడవాళ్లు తమ కథే అనుకున్నారు. 1992లో దూబగుంటలో మొదలై రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమానికి ఆ చదువులు కారణమయ్యాయని అందరూ ఒప్పుకుంటారు. చదివినవారిలో కదలిక తేవడానికి అక్కడ దెబ్బల వర్ణన అవసరం కాలేదు. సినిమా దృశ్యమాధ్యమం కాబట్టి దాని దారి వేరని కొందరు అంటారు. వేరే, కాదనము. కానీ మూసిన తలుపు, ఆ తలుపు బయట నిలబడినవారి ముఖం, మరునాడు ఆ అమ్మాయి నీళ్లు తోడుకునే తీరు కూడా దృశ్యాలే కదా.

ఆ సీను వచ్చినప్పుడు హాల్లో కొందరు ఈలలు వేశారు. అది సినిమా తప్పా, వాళ్ల తప్పా?

ఈల వేసినవాడి బాధ్యత ఎప్పుడూ వాడిదే. అయితే పక్కపక్కనే రెండు సినిమాలు చూపిస్తే, అదే ఊరి అదే కుర్రవాళ్లు ఒకదానికి ఈల వేసి, మరొకదానికి నోరు మూసుకుని కూర్చోవడం మేము చూశాము. అంటే దృశ్యాన్ని కట్టిన తీరు హాల్లోని మనుషులను ఏదో ఒక వైపు నడిపిస్తున్నది. ఈల పడే చోటు ఎక్కడ వస్తుందో అనుభవమున్న దర్శకుడికి, ఎడిటర్‌కు బాగా తెలుసు. హాస్యానికీ, హీరో ప్రవేశానికీ ఈలలు రాబట్టడం వారి వృత్తిలో భాగమే. కనుక ఈ ఒక్క చోట మాత్రం ప్రేక్షకుడి స్పందన తమ చేతిలో లేదనడం నిలిచే వాదన కాదు. ఆ క్షణంలో మీ పక్కన కూర్చున్న అమ్మాయి ఎలా ఉందో ఒక్కసారి చూడండి. ఈలలు వేస్తున్నది మీ స్నేహితులే అయితే “ఆపరా” అని అక్కడే అనండి. తరువాత చెప్పే పది మాటలకన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.

‘బ్యాండిట్ క్వీన్’ లాంటి సినిమాను సుప్రీంకోర్టే సమర్థించింది కదా?

అవును. బందిపోటు ఫూలన్‌దేవి జీవితం మీద శేఖర్ కపూర్ తీసిన ఆ సినిమాకు ఇచ్చిన ‘ఏ’ సర్టిఫికెట్‌ను సుప్రీంకోర్టు 1996లో నిలబెట్టింది. సినిమాను ముక్కలుగా కాక మొత్తంగా చూడాలని, అందులోని నగ్నత్వం కామాన్ని రేపడానికి కాదని, ఆ అమానుషత్వం మీద అసహ్యాన్ని, బాధితురాలి మీద సానుభూతిని కలిగించడానికని కోర్టు అన్నది. ఆ తర్కం మాకు సరైనదే అనిపిస్తుంది. ఎంత చూపించారన్నది కాక ఎందుకు చూపించారన్నది కొలత కావాలని అది చెబుతున్నది.

దానికి మరో పక్క కూడా ఉంది. ఆ ఫూలన్‌దేవే తన మీద జరిగిన దారుణాన్ని అలా చూపడానికి అభ్యంతరం చెప్పి, 1994లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. అప్పటికి ఆమె బతికి ఉన్న మనిషి, తన మాట తాను చెప్పుకోగల మనిషి. తరువాత ఆ వివాదం రాజీతో ముగిసింది. చట్టం దృష్టిలో సినిమా గెలిచినా, తన అవమానాన్ని తెరమీద ఎంతవరకు చూపాలో నిర్ణయించే హక్కు ఎవరిదన్న ఆమె ప్రశ్నకు ఆ తీర్పులో జవాబు లేదు. కళాత్మకంగా ఎంత గొప్పదైనా ఆ ప్రశ్న ముందు ఏ సినిమా అయినా నిలబడి జవాబు చెప్పవలసిందే.

## చూసి వచ్చిన తరువాత

ఇలాంటి సినిమాలు చూసి మగపిల్లలు చెడిపోతారా?

ఒక సినిమా చూసి ఒకడు నేరస్థుడు అవుతాడని చెప్పడానికి ఆధారం లేదు. పరిశోధనలు చెబుతున్నది ఇంకొంచెం సూక్ష్మమైన విషయం. 1981లో మలముత్, చెక్ అనే ఇద్దరు పరిశోధకులు కళాశాల విద్యార్థులకు మామూలు థియేటర్ సినిమాలే చూపించారు. స్త్రీపై హింసకు మంచి ఫలితం వచ్చినట్టు చూపిన సినిమాలు చూసిన మగ విద్యార్థుల్లో, ఆ తరువాత అడిగిన ప్రశ్నలకు జవాబుల్లో, స్త్రీలపై హింసను ఒప్పుకునే ధోరణి పెరిగింది. 1988లో లింజ్, డానర్‌స్టీన్, పెన్‌రాడ్ చేసిన అధ్యయనంలో, స్త్రీలను హింసించే సినిమాలు వరుసగా చూసినవారికి క్రమంగా ఆ దృశ్యాలు బాధించడం మానేశాయి. ఆ తరువాత ఒక అత్యాచార విచారణ చూపిస్తే బాధితురాలి మీద వారి సానుభూతి కూడా తగ్గింది. ఇవి విదేశాల్లో, కొద్దిమంది మీద చేసినవి. వీటిని మన కుర్రవాళ్లకు యథాతథంగా అంటగట్టకూడదు. అయినా మొద్దుబారడం అన్నది మనం కూడా గమనించగలిగిన విషయమే. నేరం చేసేవారు కొద్దిమందే. “ఆ పిల్ల అక్కడికి ఎందుకు వెళ్లింది?” అని అడిగేవారు ఊరినిండా ఉంటారు. మేము భయపడుతున్నది ఎక్కువగా ఈ రెండో రకం గురించే.

పాత సినిమాల్లో ఇంతకన్నా ఎక్కువే ఉండేవి. అప్పుడు లేని గొడవ ఇప్పుడెందుకు?

అప్పుడు గొడవ లేదనడం సరికాదు. మాట్లాడినవారి గొంతు బయటికి రాలేదు, అంతే. 1970, 80 దశకాల తెలుగు సినిమాలో హీరో చెల్లెలు అన్న పాత్ర వచ్చిందంటే ఆమెకు ఏం జరగబోతుందో పక్కింటి పిల్లలు కూడా చెప్పేవారు. అత్యాచారం, ఆ రాత్రే ఆత్మహత్య, తెల్లారేసరికి అన్న శపథం. చెడిన అమ్మాయికి చావు తప్ప దారి లేదని ఒక తరం మొత్తానికి ఆ సినిమాలు నేర్పాయి. లేదంటే పెద్దమనుషులు కూర్చుని చేసినవాడికే ఇచ్చి పెళ్లి చేసేవారు. అలాంటి రాజీని, పెళ్లిని కోర్టులు సూచించనైనా కూడదని సుప్రీంకోర్టు 2021 మార్చిలో స్పష్టంగా చెప్పవలసి వచ్చిందంటే ఆ ఆలోచన ఎంత లోతుగా పాతుకుపోయిందో తెలుస్తుంది.

అదే కాలంలో వేరుగా ఆలోచించినవారూ ఉన్నారు. మన ప్రకాశం జిల్లా నుంచి వెళ్లిన టి. కృష్ణ 1985లో ‘ప్రతిఘటన’ తీశారు. విజయశాంతి వేసిన లెక్చరర్ పాత్రను నడివీధిలో వివస్త్రను చేసే దృశ్యం అందులో ఉంది. ఈ రోజు చూస్తే ఆ దృశ్యం ఇంకా తక్కువగా తీసి ఉండవచ్చని మాకు అనిపిస్తుంది. కానీ ఆమె చావదు. మళ్లీ తరగతి గదికి వెళ్లి, తనను చూసి నవ్విన విద్యార్థుల ముందు నిలబడి, వేటూరి రాసిన పాటలో వారిని నిలదీస్తుంది. జనం ఇవాళ్టికీ చెప్పుకునేది ఆ తరగతి గదినే. చివరి నిర్ణయం కూడా ఆమెదే. దాని పద్ధతితో మేము ఏకీభవించకపోయినా, కథ ఆమె చేతి నుంచి జారిపోలేదన్నది ముఖ్యం.

చివర్లో విలన్‌ను నరికేస్తారు కదా, న్యాయం జరిగినట్టే కదా?

విలన్‌ను నరకడం వల్ల ప్రేక్షకుడికి ఊరట కలుగుతుంది. ఆ ఊరట కలగాలంటే ముందు అంత క్రూరత్వం చూపించాలి, శిక్ష ఎంత పెద్దదైతే నేరాన్ని అంత వివరంగా తీయాలి. ఈ లెక్క వల్లనే దృశ్యాలు ఏటికేడు పెరుగుతున్నాయని మా అభిప్రాయం. బాధితురాలికి కావలసింది ఏమిటని మాత్రం ఆ కథలో ఎవరూ ఆమెను అడగరు.

వద్దన్నా వెంటపడటం, చేయి పట్టుకుని లాగడం కూడా ఇందులోకి వస్తాయా?

వస్తాయి. అత్యాచారాన్ని విలన్ చేస్తే తప్పని మన సినిమాలన్నీ చెబుతాయి. వెంటపడటాన్ని హీరో చేస్తే మాత్రం ప్రేమ అంటాయి. అమ్మాయి వెంటపడి వేధించడం 2013 నుంచి మన చట్టంలో ప్రత్యేకమైన నేరం. ఆమె “వద్దు” అన్న మాటకు విలువ లేదని మొదటి సగంలో నవ్వుతూ నేర్పి, రెండో సగంలో అదే మాటను కాలరాసిన విలన్ మీద కోపం తెచ్చుకోమంటే ఎలా కుదురుతుంది?

ఆ సినిమా చూసినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. నాకు జరిగినవి గుర్తుకు వస్తున్నాయి.

మీకు జరిగినదానికి మీరు కారణం కాదు. ఇప్పుడు కలుగుతున్న ఈ కలతకు కూడా మీరు సిగ్గుపడవలసింది లేదు. ఆ సినిమా గురించిన వీడియోలు, చర్చలు కొన్నాళ్లు చూడకండి. నమ్మకమైన ఒక్కరికైనా చెప్పండి. టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్య సలహాదారులు ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. మహిళల సహాయానికి 181, పిల్లల విషయమైతే 1098 పనిచేస్తాయి. జిల్లాల్లో నడుస్తున్న సఖి వన్ స్టాప్ సెంటర్లలో వైద్య, న్యాయ, పోలీసు సహాయం ఒకేచోట అందాలన్నది ప్రభుత్వ ఏర్పాటు. కేసు పెట్టాలా వద్దా అన్నది తేల్చుకోకముందే కూడా అక్కడికి వెళ్లి మాట్లాడవచ్చు.

మా అబ్బాయి ఫోన్లో ఆ సీను ఒక్కటే కత్తిరించిన క్లిప్ ఉంది. ఏం చేయాలి?

కొట్టవద్దు, ఫోను విసిరికొట్టవద్దు. కథ నుంచి విడదీసిన ఆ రెండు నిమిషాల ముక్కలో ఆమెకు పేరు లేదు, ముందూ వెనుకా లేదు. సినిమాలో అది దుఃఖమే అయినా, ఫోనులో అది వేడుకగా మారిపోతుంది. ఈ మాటే అబ్బాయితో చెప్పండి. తండ్రి చెబితే ఇంకా మంచిది, ఎందుకంటే ఇలాంటివి తల్లులకే వదిలేయడం మన ఇళ్లల్లో అలవాటైపోయింది. సినిమా దృశ్యం కాక నిజంగా జరిగిన దాడి వీడియో అయితే, దాన్ని ఇంకొకరికి పంపడం నేరమని, పిల్లలకు సంబంధించినదైతే ఫోనులో ఉంచుకోవడం కూడా నేరమేనని స్పష్టంగా చెప్పాలి. అలాంటివాటి మీద జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయవచ్చు.

## సినిమా తీసేవారు అడిగినవి

మేము షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. ఆ సంఘటన లేకుండా కథ నడవదు. ఎలా తీయాలి?

ముందుగా ఆ సన్నివేశాన్ని పూర్తిగా తీసేసి స్క్రిప్టు ఒకసారి చదవండి. సంఘటన జరిగిందని ప్రేక్షకుడికి తెలియడానికి ఎంత అవసరమో అప్పుడు బయటపడుతుంది. చాలాసార్లు ఒక్క మాట, ఒక్క చూపు సరిపోతుంది. తప్పనిసరిగా తీయాలనుకుంటే, కెమెరాను ఎక్కడ పెడుతున్నారో రాసుకుని, ఆ చోట ఎవరి కళ్లు ఉన్నట్టు అవుతుందో మీరే చెప్పుకోండి. స్క్రిప్టు దశలోనే ఇద్దరు ముగ్గురు స్త్రీలకు చదివి వినిపించండి. సినిమా అయిపోయాక చూపించి అభిప్రాయం అడిగితే మార్చడానికి ఏమీ మిగలదు. ట్రైలర్‌లో, పోస్టరులో మాత్రం ఆ దృశ్యం తాలూకు ముక్క ఏదీ వాడవద్దు. ఆ ముక్కను చూపి జనాన్ని పిలిచారంటే, సినిమా ఏ ఉద్దేశంతో తీశామని చెప్పినా ఎవరూ నమ్మరు.

నటించే అమ్మాయి ఒప్పుకుంది కదా, ఇక సమస్య ఏముంది?

దేనికి ఒప్పుకున్నదన్నది ముఖ్యం. 1972 నాటి ‘లాస్ట్ ట్యాంగో ఇన్ ప్యారిస్’ సినిమాలో పందొమ్మిదేళ్ల మరియా ష్నైడర్‌కు దాడి సన్నివేశంలోని ఒక వివరం ముందుగా చెప్పకుండానే చిత్రీకరించారు. నటిగా కాక అమ్మాయిగా ఆమె స్పందన తనకు కావలసి వచ్చిందని దర్శకుడు బెర్టొలూచి తరువాత స్వయంగా చెప్పారు. ఆ రోజు తెర మీద కనిపించిన కన్నీళ్లు నిజమైనవని, ఆ అవమానం తనను జీవితమంతా వెంటాడిందని ఆమె చెప్పుకున్నారు. ఇలాంటివి జరగకుండా 2018 నుంచి విదేశాల్లో పెద్ద నిర్మాణ సంస్థలు ఇంటిమసీ కోఆర్డినేటర్లను నియమిస్తున్నాయి. సన్నివేశంలో ఎవరి చేయి ఎక్కడ పడుతుందో ముందే నిర్ణయించి, నటీనటుల అంగీకారం తీసుకుని, షూటింగులో దాన్ని మీరకుండా చూడటం వారి పని. ఇప్పుడు మన దేశంలోనూ కొందరు ఈ పని చేస్తున్నారు.

మలయాళ పరిశ్రమలో స్త్రీల పరిస్థితి మీద జస్టిస్ హేమ కమిటీ ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టులో బయటికి వచ్చింది. ముందు చెప్పినదానికన్నా ఎక్కువ చేయించడం గురించి అందులో నటీమణులు చెప్పుకున్నారు. చిన్న సినిమాలో కోఆర్డినేటరును పెట్టుకునే డబ్బు ఉండదు. కానీ ప్రతి కదలికను కాగితం మీద రాసి, ఆమెకు ముందురోజే ఇవ్వవచ్చు. సెట్లో అవసరమైనవారిని మాత్రమే ఉంచవచ్చు. “ఆపండి” అని ఆమె అంటే ఎందుకని అడగకుండా ఆపవచ్చు. వీటికి డబ్బు అక్కర్లేదు. ఎదుటి పాత్ర వేసే అబ్బాయి గురించి కూడా ఆలోచించండి, అతనికీ అది తేలిక కాదు.

మా జిల్లాలో జరిగిన నిజం కేసు మీద సినిమా తీయవచ్చా?

తీయవచ్చు, కానీ బాధితురాలి పేరు గాని, ఆమెను గుర్తుపట్టే వీలున్న ఏ వివరం గాని బయటపెట్టకూడదు. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం అది రెండేళ్ల వరకు జైలు శిక్ష పడే నేరం. పేరు మార్చి, ఊరు, వీధి, స్కూలు, తండ్రి వృత్తి అలాగే ఉంచితే మన జిల్లాలో ఎవరికి తెలియకుండా ఉంటుంది? 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు పరోక్షంగా గుర్తు తెలిసేలా చేయడం కూడా కూడదని, బాధితురాలు చనిపోయినా ఈ రక్షణ ఉంటుందని చెప్పింది. చట్టం సంగతి అటుంచినా, ఆ కుటుంబం ఇంకా ఆ ఊళ్లోనే బతుకుతున్నది. ఆ తల్లి బస్టాండులో మీ పోస్టరు చూస్తుందని తలచుకుని నిర్ణయించండి.

## అభ్యంతరం చెప్పాలనుకుంటే

ఇలాంటి సినిమాలను నిషేధించమని అడగాలా?

మేము అడగము. నిషేధమంటూ మొదలైతే ముందుగా ఆగిపోయేవి అధికారాన్ని, కులాన్ని, పోలీసును ప్రశ్నించే సినిమాలే. కస్టడీలో జరిగిన అత్యాచారాల మీద, పెత్తందార్ల అఘాయిత్యాల మీద కథలు రావాలి. అవి రాకపోతే మౌనం వల్ల లాభపడేది నేరం చేసినవారే. మేము కోరుతున్నది అవి చెప్పే తీరు మారాలని, చెప్పేవారిలో స్త్రీలు పెరగాలని, చూసేవారు నోరు విప్పాలని.

సరే, అభ్యంతరం ఎవరికి రాయాలి? రాస్తే ఎవరైనా చదువుతారా?

ఓటీటీ అయితే ప్రతి సంస్థకూ ఫిర్యాదుల అధికారి ఉండాలి, 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. ఆ జవాబు సరిపోకపోతే ఓటీటీ సంస్థలు కలిసి ఏర్పాటు చేసుకున్న స్వీయ నియంత్రణ మండలికి వెళ్లవచ్చు. వయసు వర్గం తప్పుగా ఇచ్చారన్న ఫిర్యాదుకు ఇక్కడ ఫలితం రావడానికి అవకాశం ఎక్కువ. ‘ఏ’ సినిమాను టీవీలో వేయాలంటే 2023 సవరణ ప్రకారం దానికి తగినట్టు మార్చి వేరే సర్టిఫికెట్ తీసుకోవాలి. అలా జరగలేదనిపిస్తే ముందు ఆ చానల్‌కు రాయండి. థియేటర్ సినిమా విషయమైతే హైదరాబాదులోని సెన్సార్ బోర్డు ప్రాంతీయ కార్యాలయానికి, సర్టిఫికెట్ పొందిన రూపంలో లేని దృశ్యాలు ప్రదర్శిస్తున్నారనుకుంటే స్థానిక పోలీసులకు, రెవెన్యూ అధికారులకు రాయవచ్చు.

“అసభ్యంగా ఉంది” అని ఒక్క వాక్యం రాస్తే పక్కన పెట్టేస్తారు. సినిమా పేరు, ఏ హాల్లో ఏ తేదీన ఏ ఆట చూశారు, దృశ్యం సుమారుగా ఎన్నో నిమిషంలో వస్తుంది, 1991 మార్గదర్శకాల్లోని ఏ మాటకు అది విరుద్ధం, హాల్లో పిల్లలు ఉన్నారా, ఇవన్నీ రాసి ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. నిర్మాణ సంస్థకు కూడా ఒక ఉత్తరం పంపండి. నలుగురైదుగురు ఆడవాళ్లు కలిసి సంతకాలు పెట్టిన ఉత్తరానికి జవాబు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఉత్తరం రాయడంలో సహాయం కావాలంటే మా తరువాతి సమావేశానికి ఆ వివరాలు రాసుకుని రండి, కలిసి రాద్దాం.